లెక్కకు చూపునిచ్చిన అడా లవ్‌లేస్

మన సంఘములోని కుటుంబములలో నేడు కంప్యూటరు చదువు చదివే పిల్లవాడో పిల్లయో లేని ఇల్లు అరుదు. పొట్ట చేతబట్టుకొని బీదరు చేరిన తలిదండ్రులకు ఆ చదువు ఎట్టిదో పూర్తిగా బోధపడదు. పిల్లలు రాత్రి పొద్దుపోయేవరకు తెర ముందు కూర్చొని, తప్పు ఎక్కడున్నదో చిక్కుట లేదని విసుగుకొనునప్పుడు పక్కన కూర్చొని ఒక మాట సాయము చేయుటకైనను మనకు తోచదు.

బండి ఇరుసు విరిగితే కంటికి కనబడును. నీళ్ళ మోటారు కాలితే వాసన వచ్చును. కంప్యూటరు ప్రోగ్రాము అట్టిది కాదు. అది వరుసగా వ్రాసిన ఆజ్ఞల మూట. పెద్ద ప్రోగ్రాములో అవి లక్షల వరుసలు కూడ ఉండును. లోపల ఏ అంకె ఏ గదిలోనికి పోయినదో, ఏ ఆజ్ఞ ముందు జరిగినదో, ఏది వెనుక జరిగినదో కంటికి ఆనదు. చివరకు వచ్చిన జవాబు తప్పని మాత్రమే తెలియును. అందుచేత లోపల జరిగే వ్యవహారమును పట్టికలుగా, బొమ్మలుగా, రంగు గీతలుగా తెరమీద పరచి చూపే పనిముట్లను నిపుణులు తయారుచేసుకున్నారు. తప్పు వెదకి తీసే ఆ పనికి డీబగ్గింగు అని పేరు.

ఇట్టి పనిముట్ల వంశవృక్షములో మొదటి కొమ్మ దగ్గర ఒక కాగితము కలదు. అది 1843లో లండనులో అచ్చయినది. నేడు మనమనుకొనే కంప్యూటరు అప్పటికి ప్రపంచములో ఒక్కటియు లేదు. ఆ కాగితమును సిద్ధపరచినది 27 ఏండ్ల ఇల్లాలు, ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె పేరు అడా లవ్‌లేస్. ఈ ఉగాది సంచికలో ఆమె జీవితమును మాకు తెలిసినంతలో మనవారికి చెప్పవలెనని సంకల్పించినాము.

అడా 1815 డిసెంబరు 10వ తేదీన లండనులో జన్మించినది. తండ్రి జగత్ప్రసిద్ధుడైన ఆంగ్ల కవి లార్డ్ బైరన్. తల్లి ఆనాబెల్లా గణితమునందు ఆసక్తిగల విదుషీమణి. ఆ దంపతులకు పొసగలేదు. బిడ్డకు నెల నిండుచుండగానే తల్లి ఆమెను తీసుకొని పుట్టింటికి వెళ్ళిపోయినది. కొద్ది నెలలకే బైరన్ దేశము విడిచి వెళ్ళి, మరల తిరిగి రాలేదు. 1824లో గ్రీసు దేశమున మరణించినాడు. అప్పటికి బిడ్డకు 8 ఏండ్లు. తండ్రి ముఖమెట్టిదో ఆ పిల్ల ఎరుగదు.

తండ్రికున్న ఆవేశము బిడ్డకు రాకూడదని తల్లి పట్టుదల. దానికి మందు గణితమేయని నమ్మి చిన్ననాటినుండి లెక్కలు చెప్పించినది. ఐనను పిల్లకు ఊహలు తక్కువ కాలేదు. 12 ఏండ్ల ప్రాయమున పక్షి రెక్కల కొలతలు పరిశీలించి, మనిషి ఎగురుటకు యంత్రము చేయవలెనని పథకము వేసినది. 1829లో పొంగు జబ్బుచేసి కాళ్ళు పడిపోయినవి. చాలకాలము మంచముపట్టి, ఆ తరువాత కర్రల ఊతతో నడచినది. కదలలేని ఆ దినములలో కూడ చదువు ఆగలేదు.

17వ ఏట, 1833 జూను నెలలో, ఆమె ఒక విందులో ఛార్లెస్ బాబేజీ అను గణితవేత్తను కలుసుకున్నది. కొద్ది దినములకు తల్లితో కూడ ఆయన ఇంటికి వెళ్ళి, ఆయన చేయించుచున్న లెక్కల యంత్రపు ముక్కను చూచినది. పళ్ళచక్రములు తిరుగగా అంకెలు వాటంతట అవే కూడి జవాబు వచ్చుచుండెను. వచ్చినవారు వింతగా చూచి పోవుచుండగా, ఈ పిల్ల మాత్రము లోపలి ఏర్పాటు అర్థముచేసుకొనుటకు పూనుకున్నది. ఆ దినముతో మొదలైన స్నేహము ఆమె మరణమువరకు నిలిచినది.

బాబేజీగారిని గురించి రైల్వేవారమైన మేము రెండు మాటలు అదనముగా చెప్పుకొనవలెను. ఇంజను ముందుభాగమున పట్టాలమీద అడ్డువచ్చినదానిని తోసివేయు చట్రము ఉండవలెనని రైళ్ళు పుట్టిన తొలిదినములలోనే సూచించినవారిలో ఆయన ఒకరు. గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో ఒక పెట్టెను తీసుకొని, పొడవైన కాగితపు చుట్ట అమర్చి, బండి కుదుపులన్నియు కలముల చేత వాటంతట అవే గీతలుగా పడునట్లు ఏర్పాటుచేసినారు. కుదుపు క్షణములో పోవును, గీత నిలిచియుండును. యంత్రము లోపలి కదలికలకు కూడ ఆయన ఇట్టి ఉపాయమునే వెదకినారు. ఏ చక్రము ఎప్పుడు కదులును, దానిచేత ఏది కదులును అను సంగతిని గుర్తులతో కాగితముమీద చూపే పద్ధతిని 1826లో ప్రకటించినారు. తమ యంత్రము తమ తలలోనే పట్టనంత పెద్దదగుచున్నదని ఆయనకు తెలిసినందువల్లనే ఆ పద్ధతి పుట్టినది.

ఆ మొదటి యంత్రమునకు ఇంగ్లాండు ప్రభుత్వము 17,000 పౌనులకు పైగా ఖర్చుచేసినది. పని పూర్తి కాలేదు. 1842లో ప్రభుత్వము చేతులు కడిగివేసుకున్నది. ఈ లోపల బాబేజీ అంతకు మించిన మరొక యంత్రమును ఊహించినారు. దానిలో అంకెలు నిలువచేయుటకు ఒక భాగము, లెక్క చేయుటకు వేరొక భాగము. ఏమి చేయవలెనో చిల్లులు పొడిచిన అట్టముక్కల ద్వారా చెప్పవలెను. ఫ్రాన్సు దేశపు జకార్డు మగ్గమునందు పూల అల్లిక నేయుటకు ఇట్టి అట్టలే వాడుదురు. నేతపని తెలిసిన మనవారికి జకార్డు పేరు కొత్తది కాదు. మగ్గము అట్టలను బట్టి పూలు నేసినట్లు, ఈ యంత్రము అట్టలను బట్టి లెక్క చేయవలెను.

అడా 1835లో విలియం కింగ్ అను ప్రభువును వివాహమాడినది. 1838లో ఆయనకు లవ్‌లేస్ ప్రభుత్వ బిరుదు వచ్చుటతో ఆమెకు ఆ పేరు వచ్చినది. 1836, 1837, 1839 సంవత్సరములలో ముగ్గురు బిడ్డలు కలిగినారు. సంసారము మీదపడినది గదా, ఇక చదువెందుకని ఆమె ఊరకుండలేదు. 1840 నుండి అగస్టస్ డి మోర్గాన్ అను గొప్ప గణితాచార్యుని వద్ద ఉత్తరముల ద్వారా పాఠములు నేర్చినది. ఆ డి మోర్గాన్ మన దక్షిణదేశమున మధురలో జన్మించినవాడని తెలిసినప్పుడు మాకు సంతోషము కలిగినది.

1840లో బాబేజీ ఇటలీ దేశమున టూరిన్ నగరమునకు వెళ్ళి తమ కొత్త యంత్రమును గురించి పండితులకు వివరించినారు. దానిని విన్న మెనాబ్రియా అను ఇంజనీరు 1842లో ఫ్రెంచి భాషలో ఒక వ్యాసము ప్రకటించినాడు. ఆ మెనాబ్రియాయే తరువాత ఇటలీ ప్రధానమంత్రి అయినాడు. వ్యాసమును ఇంగ్లీషులోనికి తెచ్చే పని అడా చేపట్టినది. అనువాదముతో ఊరుకొనక స్వంత వివరణలు చేర్చవలసినదని బాబేజీ ప్రోత్సహించినారు. 1843లో గ్రంథము వెలువడునప్పటికి ఆమె వివరణలు అసలు వ్యాసమునకు రెండింతలను మించిపోయినవి. వాటి చివర ఆమె పేరులోని మూడు పొడి అక్షరములే పడినవి.

ఆ వివరణలలో చివరిదానికి జతపరచిన పెద్ద పట్టికయే మేము మొదట చెప్పిన కాగితము.

బెర్నౌలీ సంఖ్యలని గణితములో ఒక వరుస కలదు. 1, 2, 3 మొదలగు అంకెల వర్గములను, ఘనములను వరుసగా కూడుటకు అవి పనికివచ్చును. ఒకదానిని రాబట్టవలెనన్న ముందువన్నియు తెలిసియుండవలెను. మొదటిది 1/6, రెండవది ఋణ 1/30, మూడవది 1/42. ఈ మూడింటిని ఇచ్చి, నాల్గవదానిని యంత్రముచేత తీయించుట ఎట్లో ఆ పట్టిక చూపును. ఇంకను కట్టని యంత్రమునకు వ్రాసిన ఆజ్ఞాపత్రమన్నమాట.

పట్టికలో 25 అడ్డవరుసలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క పని. మొదటి గడిలో పని సంఖ్య. తరువాత అది కూడికయో, తీసివేతయో, హెచ్చవేతయో, భాగహారమో చూపే గుర్తు. ఆపైన ఏ గదులలోని అంకెలను తీసుకొనవలెను, జవాబును ఏ గదిలో వేయవలెను అను సంగతి. ఆ పనివలన ఏ గదిలోని అంకె మారినది, ఏది మారలేదు అనునది వేరొక గడిలో. రావలసిన ఫలితము మరియొక గడిలో. కుడివైపున ప్రతి గదికి ఒక నిలువు వరుస. ఆ వరుసవెంట చూపు దించితే, ఆ గదిలోని విలువ మొదటినుండి చివరవరకు ఎట్లెట్లు మారినదో తెలియును. 13వ పని నుండి 23వ పని వరకు మరల ఒకసారి చేయవలెనని కూడ అందులోనే చెప్పబడినది. నేడు పిల్లలు లూపు అని చెప్పుకొనేది ఇదే.

రైల్వే కంట్రోలు ఆఫీసులో వాడే చార్టును చూచినవారికి ఈ పట్టిక విలువ సులభముగా బోధపడును. చార్టుమీద ఒకవైపు వికారాబాదు, జహీరాబాదు, బీదరు ఇట్లు స్టేషన్లు, రెండవవైపు గంటలు నిమిషములు. ఒక్కొక్క బండికి ఒక్కొక్క ఏటవాలు గీత. గీత సమతలముగా సాగితే బండి నిలిచినదని అర్థము. రెండు గీతలు కలిసినచోట క్రాసింగు. వంద టెలిఫోను కబుర్లు విన్నను తెలియని ఆలస్యపు మూలము ఆ చార్టుమీద ఒక్క చూపులో తెలియును. పూర్వము కంట్రోలరు దానిని పెన్సిలుతో గీసేవాడు, ఇప్పుడు కంప్యూటరు తెరమీద గీయబడుచున్నది. గీసే చేయి మారినది, చూచే కన్ను మారలేదు. బండ్లకు ఆ చార్టు ఎట్టిదో, లెక్కలోని అంకెలకు అడా పట్టిక అట్టిది.

ఇక తప్పుల సంగతి. ఈ లెక్కకు కావలసిన బీజగణితమును ఆమెకు శ్రమ తగ్గించుటకై బాబేజీ తామే చేసి పంపినారు. ఆమె దానిని కన్నుమూసుకొని దిగవేసుకొనలేదు. వరుసవెంట వరుస పరీక్షించి, అందులో ఒక పెద్ద తప్పు పట్టి తిరిగి పంపినది. 1864లో ప్రకటించిన స్వీయచరిత్రలో బాబేజీ ఈ సంగతిని దాచక ఒప్పుకున్నారు. అడా చనిపోయి అప్పటికి 12 ఏండ్లు. పొగడ్త కొరకు చెప్పవలసిన అవసరము ఆయనకు లేదు.

అచ్చుపడిన పట్టికలో కూడ ఒక తప్పు మిగిలినది. అది 4వ వరుసలో కలదు. లెక్క ఇట్లు నడచును. ముందుగా 2ను 4తో హెచ్చవేయగా 8 వచ్చి నాల్గవ, అయిదవ గదులలో పడును. తరువాత నాల్గవ గదిలోనుండి 1 తీసివేయగా 7. అయిదవ గదికి 1 కూడగా 9. ఇప్పుడు 7ను 9తో భాగించవలెను. పట్టికలో మాత్రము అయిదవ గదిని నాల్గవ గదితో భాగించుమని తలక్రిందుగా పడినది. ఆజ్ఞను ఉన్నదున్నట్లు యంత్రమునకు ఇచ్చిన, 7/9కి బదులు 9/7 వచ్చి, తరువాతి లెక్క అంతయు చెడిపోవును.

ఎవరి చేతి పొరపాటని తగవులాడుటకంటె అది ఎట్లు బయటపడినదో చూచుట మేలు. అదే వరుసలో ఫలితము వ్రాసిన గడిలో సరియైన భిన్నమే ఉన్నది. ఒక గడి 9/7 అనుచుండగా పక్కగడి 7/9 అనుచున్నది. రెండు గడులను పక్కపక్కన పెట్టుటవల్లనే తప్పు తన్ను తాను పట్టియిచ్చుచున్నది. లెక్కను పేరాలుగా వ్రాసియున్నచో ఆ తలక్రిందు మాట వాక్యముల మధ్య దాగిపోయియుండును. తప్పు చేయని మనిషి లేడు. తప్పు దాగలేనట్లు పని చూపగలవాడే పనివాడు. అడా గొప్పతనము ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

గ్రంథము అచ్చులో ఉండగా ఇద్దరికి మాటపట్టింపు వచ్చినది. ప్రభుత్వము తమకు చేసిన అన్యాయమును దూషించుచు బాబేజీ ఒక పీఠిక వ్రాసి, సంతకము లేకుండ ఆమె రచనతో కలిపి వేయవలెనన్నారు. గురువువంటివాడు, తండ్రివయసువాడు అడిగినను ఆమె ఒప్పుకొనలేదు. శాస్త్రమును శాస్త్రముగానే ముందుంచవలెనని పట్టుబట్టినది. యంత్రమును కట్టించు వ్యవహారములు తాను చూచెదనని ఆమె తరువాత చేసిన ప్రతిపాదనను బాబేజీ అంగీకరించలేదు. ఐనను స్నేహము చెడలేదు. యంత్రము మాత్రము కట్టబడలేదు. తన పట్టిక నిజమైన చక్రములమీద తిరుగుట చూచే భాగ్యము ఆమెకు లేకపోయినది.

ఆమె చివరి సంవత్సరములు సుఖముగా గడువలేదు. ఆరోగ్యము తరచు చెడుచుండెను. గుఱ్ఱపు పందెముల వ్యసనములో పడి ఎంతో ధనము పోగొట్టుకొని, నగలు కుదువబెట్టు స్థితికి వచ్చినది. ఈ సంగతి దాచుట న్యాయము కాదు. లెక్కలు తెలిసినంత మాత్రమున పందెము చేతికి రాదని మన యువకులు గ్రహింతురు గాక. 1852 నవంబరు 27వ తేదీన గర్భాశయ పుట్టకురుపుతో చాల బాధపడి, 36వ ఏట కన్నుమూసినది. తండ్రి చనిపోయినదియు 36వ ఏటనే. తన కోరిక ప్రకారము, బ్రతికినంతకాలము చూడని ఆ తండ్రి పక్కనే హక్‌నల్ గ్రామపు చర్చిలో సమాధి పొందినది.

ఆమె కుమార్తె ఆన్ బ్లంట్ అరబ్బీ గుఱ్ఱములను పెంచుటలో ప్రసిద్ధికెక్కినది. 1883-84లో భర్తతో కూడ భారతదేశమునకు వచ్చి హైదరాబాదు నగరమును సందర్శించినది. అప్పటికి మన బీదరు నైజాము రాజ్యములోని ఊరే. అడా కుమార్తె ఈ రాజ్యపు నేలమీద అడుగుపెట్టినదని తలచుకొన్నప్పుడు, ఆ కథ మనకు అంత దూరముది కాదనిపించును.

వంద సంవత్సరములకు పైగా ఆ వివరణలను కొద్దిమంది తప్ప తలచుకొనలేదు. నిజమైన కంప్యూటర్లు పుట్టిన తరువాత, 1953లో బౌడెన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు తన గ్రంథములో వాటిని మరల అచ్చువేసినాడు. తరువాత అమెరికా రక్షణశాఖ తన కొత్త ప్రోగ్రాము భాషకు అడా అనియే పేరు పెట్టినది. ఆ ప్రమాణపత్రమునకు ఆమె పుట్టిన సంవత్సరమైన 1815 సంఖ్యగా ఇయ్యబడినది. బాబేజీ గీసియుంచిన మరొక లెక్కల యంత్రమును 1991లో లండను సైన్సు మ్యూజియమువారు కట్టి చూపగా అది చక్కగా పనిచేసినది.

ఈలోగా చూపు పనిముట్లు కూడ పెరిగినవి. 1947లో గోల్డ్‌స్టైన్, వాన్ నాయ్‌మన్ అను ఇద్దరు పండితులు, లెక్క ఏ దారిన పోవునో పెట్టెలు బాణములతో గీసే చిత్రములను ప్రకటించినారు. ఫ్లోచార్టులని పిల్లలు గీసేవి వాటి సంతతియే. అదే సంవత్సరము సెప్టెంబరులో హార్వర్డు విశ్వవిద్యాలయపు యంత్రములో ఒక రెక్కలపురుగు ఇరుక్కొనగా, పనివారు దానిని తీసి దినచర్య పుస్తకములో అంటించి, నిజమైన పురుగు దొరికినదని వ్రాసిపెట్టినారు. తప్పును పురుగు అనుట అంతకు ముందే వాడుకలో ఉన్నను, ఆ పుటవలన ఆ మాట లోకప్రసిద్ధమైనది.

నేటి డీబగ్గరు అను పనిముట్టు చేసే పని చూడండి. సిగ్నలు పడినచోట బండి ఆగినట్లు, ప్రోగ్రాము మనము గుర్తుపెట్టిన వరుస వద్ద ఆగును. అక్కడినుండి ఒక్కొక్క ఆజ్ఞ చొప్పున ముందుకు నడిపించవచ్చును. ప్రతి అడుగునకు ప్రతి గదిలోని విలువ పక్కన కనబడుచుండును. ఎక్కువ కాలము తినే భాగమును వెడల్పు పట్టీగా చూపే చిత్రములు కలవు. ఏ భాగము ఏ భాగమును పిలుచుచున్నదో చూపే పటములును కలవు. పని సంఖ్య, మారిన గది, వచ్చిన విలువ ఇవియన్నియు అడా పట్టికలో గడులుగా ఉన్నవే. అచ్చుకాగితము కదిలే తెర అయినది, అంతే.

ఈ కీర్తి అడాకు తగునా, బాబేజీకి చెందునా అని పండితులు వాదించుకున్నారు. బాబేజీ అంతకు ముందే తమ యంత్రమునకు చిన్నచిన్న ఆజ్ఞాపత్రములు వ్రాసుకున్నమాట నిజము. సూత్రములు ఆయనవనుటయు నిజము. గాని అవి ఆయన పుస్తకములలోనే ఉండిపోయినవి. బెర్నౌలీ లెక్కను ఉదాహరణగా పెట్టవలెనని కోరినది, నెలల తరబడి దిద్ది, పరులు చూచి తప్పుపట్టగలిగే రూపమున అచ్చువేయించినది అడా. తెలిసినవాడు ఒక్కడే అయితే ఆ తెలివి వానితో పోవును. పదిమందికి కనబడునట్లు పరచినవారి పని నిలుచును.

మన బీదరులోని బిద్రీ పనివారిని చూచినను ఈ సంగతి తెలియును. పోతపోసిన పాత్రను నునుపు చేసిన పిమ్మట మైలుతుత్తపు నీళ్ళు పూసి నల్లబరచుదురు. ఆ నలుపు తరువాత పోవునదే. ఐనను గీసిన గీత స్పష్టముగా కనబడుటకు అది కావలెను. కనబడిన గీతలోననే వెండి తీగ కూర్చుండును. చూపు కుదరనిదే చేయి కుదరదు.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి ఒకటే. పిల్లలు ప్రోగ్రాములోని తప్పు దొరకక విసిగినప్పుడు, చదువు రాదని నిరుత్సాహపరచకండి. కాగితము తీసుకొని గడులు గీయుమనండి. ఏ అడుగున ఏమి ఉండవలెను, ఏమి ఉన్నది అని పక్కపక్కన వ్రాయుమనండి. ఆ లెక్క మనకు తెలియకున్నను, పక్కన కూర్చొని ఒక్కొక్క వరుస చదివి వినిపించుమని అడుగవచ్చును. చదివి వినిపించుచుండగానే సగము తప్పులు వారికే కనబడును. ముఖ్యముగా ఆడపిల్లలను పెండ్లితో చదువు ముగిసినదని కూర్చుండబెట్టకండి. ముగ్గురు బిడ్డలను కనిన పిమ్మట ఉత్తరముల ద్వారా గణితము నేర్చి, కట్టని యంత్రమునకు పట్టిక వ్రాసిన ఇల్లాలి కథ ఇప్పుడు చదివితిరి గదా.

ఆమె పేరునకు గుర్తుగా మూడు పొడి అక్షరములే మొదట అచ్చుపడినవి. మన పిల్లల పేర్లు నిండుగా అచ్చుపడు దినములు వచ్చుగాక అని కోరుచు, సంఘ కుటుంబములన్నిటికి ఉగాది శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాము.